గోడ పక్క సన్నటి జాగాలో పొట్టి పామ్‌లు: ఏవి పెట్టాలి, ఉన్నవాటిని ఎలా కాపాడాలి?

గోడపక్కతోట | జూన్ 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా ఇంటికీ ప్రహరీకీ మధ్య 6 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న జాగా ఉంది. ఇన్నాళ్ళూ విరిగిన బకెట్లు, మిగిలిపోయిన ఇటుకలు అక్కడ కాపురం ఉండేవి. వాటిని ఖాళీ చేయించి పామ్ మొక్కలు పెట్టడం మొదలుపెట్టాను. జాగాకు ఒక చివర పొద్దున తొమ్మిది దాటితే ఎండ పడదు. రెండో చివర మాత్రం పన్నెండు నుంచి మూడు దాకా నెత్తి మాడిపోతుంది.

రెండు నెలల కిందట మూడు రకాలు తెచ్చాను. గుబురుగా ఉన్న చామడోరియా కుండీ ఒకటి, అరెకాలు రెండు, పిగ్మీ డేట్ పామ్ ఒకటి. ఏదీ నడుము ఎత్తు దాటదని అమ్మినాయన హామీ ఇచ్చాడు. ఇప్పుడు పరిస్థితి చూడండి. చామడోరియా గుబురులో వారానికి ఒకటో రెండో కాడలు వాడిపోయి, లాగితే చేతికి వచ్చేస్తున్నాయి. పిగ్మీ డేట్‌కు కింది మట్టలు కొసల నుంచి నారింజ రంగుకు తిరుగుతున్నాయి. చూడటానికి బాగాలేదని రంగు మారిన మట్టనల్లా కత్తిరించాను, ఇప్పుడు ఏడే మిగిలాయి. అరెకాలు ఏపుగానే ఉన్నాయి కానీ ప్రతి ఆకు కొసా కాలినట్టు ఎండింది. నీళ్ళు రోజూ తప్పకుండా పోస్తున్నాను. తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పండి. ఆ జాగాకు ఇంకేమైనా సరిపోతాయేమో కూడా.

పాతకుండీ | జూన్ 11, రాత్రి 10:05

మిగతావి తర్వాత చూద్దాం. ముందు ఆ చామడోరియాను కుండీలోంచి బయటకు తీసి, మట్టి విదిలించి, మొదళ్ళు లెక్కపెట్టి చెప్పండి. మీరు ఒక మొక్క కొన్నానని అనుకుంటున్నారు. కాదని నా అనుమానం.

గోడపక్కతోట | జూన్ 12, ఉదయం 7:40

పాత పేపరు పరిచి కుండీ బోర్లించాను. ఇరవై మూడు మొక్కలండీ! పెన్సిలంత సన్నటి మొదళ్ళు, దేని వేర్లు దానివే, నారుమడిలో పీకి కట్టిన నారు కట్టలా ఉన్నాయి. మధ్యలో ఒక ప్లాస్టిక్ వల కూడా బయటపడింది, అందులోంచే వేర్లు దూరి ఒకదాన్ని ఒకటి చుట్టేసుకున్నాయి. ఏడింటికి వేర్లు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డాయి. పట్టుకుంటే పైపొర జారిపోయి లోపల దారంలాంటి పీచు మిగులుతోంది. మురిగిన వాసన. నేను కొన్నది పొద కాదా?

పాతకుండీ | జూన్ 12, ఉదయం 8:15

కాదు. మీ దగ్గరున్నది చామడోరియా ఎలెగాన్స్, దాన్నే పార్లర్ పామ్ అంటారు. దానికి ఒకే కాండం, జన్మలో పిలక వేయదు. మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో పెద్ద చెట్ల నీడన ఒక్కొక్కటీ విడివిడిగా పెరుగుతుంది. నర్సరీల వాళ్ళు ఒకే కుండీలో ఇరవై ముప్పై గింజలు వేసి గుబురుగా కనిపించేట్టు చేస్తారు. ఏడాది దాకా అందంగానే ఉంటుంది. తర్వాత వెలుతురు కోసం, వేర్ల జాగా కోసం లోపల పోరు మొదలై, బలహీనమైనవి చస్తాయి. దానికి తోడు మీరు రోజూ నీళ్ళు పోశారు.

మురిగినవి పారేయండి. మిగిలిన పదహారింటినీ ఒక్కొక్కటిగా విడదీయాలని చూడకండి, వేర్లు తెగుతాయి. మూడేసి, నాలుగేసి మొక్కల గుంపులుగా, చిక్కు ఎక్కడ సులభంగా విడితే అక్కడ విడదీయండి. ప్లాస్టిక్ వలను కత్తెరతో ముక్కలుగా కత్తిరించి తీయండి, లాగొద్దు. కుండీ చిన్నదే ఉండాలి. కొబ్బరి పొట్టు, ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్ళు. రోజూ అన్న మాట మరిచిపోండి.

గోడపక్కతోట | జూన్ 12, ఉదయం 8:30

అలాగేనండీ. మరి పిగ్మీ డేట్?

వృక్షశాస్త్రం_మాస్టారు | జూన్ 12, మధ్యాహ్నం 2:10

పిగ్మీ డేట్ సంగతికి ముందు, పామ్ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన అలవాటు, ఓపిక పట్టండి.

మనం పామ్‌ను చెట్టులా చూస్తాం, మామిడికో గులాబీకో చేసే సేవలే దానికీ చేస్తాం. కానీ దాని గోత్రం వేరు. అది వరికీ, వెదురుకూ, అరటికీ దగ్గరి చుట్టం, ఏకదళ బీజం. మామిడి కొమ్మ నరికితే పక్క నుంచి నాలుగు చిగుళ్ళు వస్తాయి. పామ్ కాండానికి మాత్రం చిగురు ఒక్కటే, అదీ నెత్తిన ఉంటుంది. దాన్నే మొవ్వు అంటాం. మొవ్వు పోతే ఆ కాండం కథ ముగిసినట్టే. పిలకలు వేసే రకాలైతే పక్క కాండాలు బతుకుతాయి, ఒంటి కాండం రకాలకు ఆ అవకాశమూ లేదు.

రెండో సంగతి, పామ్ కాండానికి ఏటేటా లావయ్యే పొర లేదు. అందుకే గాయం మానదు. మీరు ఈ రోజు దిగ్గొట్టిన మేకు గుంత ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అక్కడే అలాగే ఉంటుంది. కాండం పైకి లేవకముందే మొదలు తన పూర్తి లావుకు చేరుకోవాలి. ఆ దశలో కొన్నేళ్ళపాటు మొక్క ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. చాలామంది ఓపిక నశించి అప్పుడే ఎరువు గుమ్మరిస్తారు.

ఇక మీ మట్టలు. పొటాషియం కదిలే పోషకం. నేలలో చాలకపోతే మొక్క తన ముసలి ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త ఆకుకు పంపుతుంది. రంగు మారిన మట్ట అంటే ఖాళీ అవుతున్న గాదె అన్నమాట. మీరు గాదెనే కోసి చెత్తలో పారేశారు. ఇప్పుడు మొక్క దాని పైనున్న మట్టలోంచి తీసుకుంటుంది, అదీ నారింజకు తిరుగుతుంది, మీరు అదీ కోస్తారు. ఇలా కోసుకుంటూ పోతే చివరకు మొవ్వు మీదికే వస్తుంది. పూర్తిగా గోధుమ రంగుకు ఎండి, వేలాడే మట్టను తప్ప దేన్నీ ముట్టుకోకండి.

మొవ్వు బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న కిటుకు ఉంది. విచ్చుకోని ఈటెలాంటి లేత ఆకునూ, దాని పక్కనున్న ఆకు కాడనూ కలుపుతూ పెన్నుతో అడ్డంగా ఒకే గీత గీయండి. రెండు మూడు వారాల తర్వాత ఈటె మీది గీత పైకి జరిగితే మొక్క పెరుగుతోంది. రెండూ ఒకే వరసలో ఉంటే నాకు చెప్పండి.

గునపం | జూన్ 12, సాయంత్రం 6:45

ఇంత పాఠం ఎందుకండీ. ఆకు పసుపైతే ఎప్సం సాల్ట్. లీటరు నీళ్ళకు రెండు చెంచాలు, వారం వారం. మా ఇంట్లో ఆరు పామ్‌లు ఉన్నాయి, అన్నింటికీ అదే. పుస్తకాలు చదివి మొక్కలు పెంచలేం.

పాతకుండీ | జూన్ 12, రాత్రి 7:30

గునపం గారూ, ఎప్సం సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం తక్కువైన మొక్కకు అది మందు. పొటాషియం తక్కువైన మొక్కకు అదే పోస్తూ పోతే వేర్ల దగ్గర ఆ రెండూ పోటీ పడి పొటాషియం ఇంకా తగ్గుతుంది. తలనొప్పికి కడుపునొప్పి మాత్ర వేసినట్టు కూడా కాదు, ఉన్న నొప్పిని పెంచినట్టు.

రెండింటికీ తేడా కంటితోనే పట్టవచ్చు. పిగ్మీ డేట్‌కు పొటాషియం తక్కువైతే ముసలి మట్టల కొసవైపు నారింజ రంగు వచ్చి, కాడవైపు ఆకుపచ్చలోకి మెల్లగా కలిసిపోతుంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పలేం. అరెకాలాంటి వాటిలో ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నూనె చుక్క పడిన కాగితంలా మచ్చలు కనిపిస్తాయి. మెగ్నీషియం తక్కువైతే ముసలి మట్ట అంచున నిమ్మపండు పసుపు పట్టీ, నడుమ నిండు ఆకుపచ్చ, రెండింటికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు హద్దు ఉంటుంది.

కొత్త ఆకులే పాలిపోయి వస్తుంటే అది ఇనుము. నేలలో ఇనుము లేక కాదు, చాలాసార్లు మొక్కను లోతుగా పాతడం వల్లో, నీళ్ళు నిలిచి వేర్లకు గాలి ఆడకో. కొత్త ఆకు చిన్నదై, ముడుచుకుని, నిప్పు సెగ తగిలినట్టు వస్తే మాంగనీసు. పిగ్మీ డేట్‌కు ఈ బాధ ఎక్కువే. ఆకు విచ్చుకునేటప్పుడు కొస కొక్కెంలా వంగితే బోరాన్‌ను అనుమానించాలి.

గునపం | జూన్ 12, రాత్రి 7:50

మా మొక్కలు పచ్చగానే ఉన్నాయి లెండి.

వృక్షశాస్త్రం_మాస్టారు | జూన్ 13, ఉదయం 6:20

పాతకుండీ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఎరువు సంగతి కూడా చెప్పేస్తాను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు తమ ఇసుక నేలల్లో ఏళ్ళ తరబడి చూసి పామ్‌లకు 8-2-12-4 పాళ్ళు సిఫారసు చేశారు. వరసగా నత్రజని, భాస్వరం, పొటాషియం, చివరిది మెగ్నీషియం. పొటాషియం నత్రజని కన్నా ఎక్కువ, భాస్వరం నామమాత్రం అన్నది గమనించండి. మనం గులాబీలకు వేసే 19-19-19 దీనికి దాదాపు తలకిందులు. పైగా నెమ్మదిగా కరిగే రకమైతేనే పొటాషియం వాన నీటితో కొట్టుకుపోకుండా వేరుకు అందుతుంది. అచ్చంగా ఆ పాళ్ళే దొరకాలని లేదు, ఆ దిశ పట్టుకుంటే చాలు.

కట్టెల బూడిద వేయమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అందులో పొటాషియం ఉన్న మాట నిజమే. కానీ అది నేలను క్షారంగా మారుస్తుంది, దాంతో ఇనుము, మాంగనీసు వేరుకు అందకుండా పోతాయి. చిటికెడు వేస్తే ప్రమాదం లేదు, చేటెడు వేస్తే ఉంది.

చిగురాకు | జూన్ 13, ఉదయం 9:10

బూడిద వేయమని రాయడానికే వచ్చాను మాస్టారూ. తిరిగి వెళ్ళిపోతున్నాను.

నీడతీగ | జూన్ 13, మధ్యాహ్నం 1:30

అసలు ప్రశ్నకు వద్దాం. ఏవి పెట్టాలి? పామ్ కుటుంబంలో సుమారు 2,600 జాతులున్నాయి. నర్సరీల్లో మాత్రం చుట్టూ తిరిగి అవే ఐదారు. మీ నీడ చివరే నాకు అసూయ పుట్టిస్తోంది, ఎందుకంటే పొట్టి పామ్‌లలో అందమైనవన్నీ అడవి అడుగున పుట్టినవే, వాటికి కావలసింది నీడే.

మొదటిది రాపిస్ ఎక్సెల్సా, లేడీ పామ్ అంటారు. వెదురు కణుపుల్లాంటి సన్నటి కాండాలు, వాటి మీద ముతక గోనె పీచు చుట్టినట్టు నార, వేళ్ళు చాచిన అరచేయిలాంటి ఆకు. ఆకు ముక్కల కొసలు సూదిగా కాక, కత్తెరతో కత్తిరించినట్టు మొండిగా ఉంటాయి. గుర్తుపట్టడానికి అదొక్కటి చాలు. జపానులో 1603 నుంచి 1868 దాకా సాగిన ఎదో కాలంలోనే దీన్ని కుండీల్లో పెంచేవారు. తెల్లటి, పసుపు చారలున్న రకాలను ఏరి, పేర్లు పెట్టి మురిసిపోయేవారు. ఇది మహా నిదానం. ఈ ఏడాది పెట్టి వచ్చే ఏడాది గోడ కనపడకూడదంటే కుదరదు. కానీ భూమి కింద దుంపలా పాకి పిలకలు వేస్తుంది, పదేళ్ళ తర్వాత కూడా ఇంటి చూరు దాటదు.

రెండోది చామడోరియా మెటాలికా. ఇదీ మెక్సికోదే, ఒంటి కాండం. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఆకుకు రంగు వేశారని అనుకుని గోటితో గీరాను. ఉక్కు రంగు, నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు అది. చేప తోకలా రెండుగా చీలిన వెడల్పాటి ఆకు, పైన సన్నటి గాడులు. ఛాతీ ఎత్తు దాటడానికి ఏళ్ళు పడుతుంది. ఎండ తగిలితే మెరుపు పోయి ఆకు తెల్లబోతుంది. మూడు మొక్కలు దగ్గర దగ్గరగా, వేర్వేరు ఎత్తుల్లో పెడితే చాలు, ఆ మూల నుంచి చూపు కదలదు.

మూడోది లికువాలా గ్రాండిస్, వనువాటు ద్వీపాల పామ్. విసనకర్రలా గుండ్రటి, మడతలు మడతలుగా ఉండే ఆకు. కానీ రెండు గోడల మధ్య సందులో గాలి సుడి తిరుగుతుంది. అలాంటి చోట దాని ఆకు నెలలోపే చింకి గుడ్డలా చిరుగుతుంది. గాలి ఎటు వీస్తుందో చూసుకుని పెట్టండి.

గోడపక్కతోట | జూన్ 13, మధ్యాహ్నం 2:00

గాలి బాగానే వీస్తుంది. లికువాలా ఆశ వదులుకున్నాను. మరి ఎండ చివర?

పాతకుండీ | జూన్ 13, మధ్యాహ్నం 3:40

మీ పిగ్మీ డేట్ అక్కడికే వెళ్ళాలి. అది మేకాంగ్ నది ఒడ్డున పుట్టింది, ఎండకూ తడికీ అలవాటు పడింది. కార్ల్ రోబెలెన్ అనే ఆర్కిడ్‌ల సేకర్త పేరు మీద 1889లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తలపైన ఓ మూరెడు ఎత్తు దాకా, మహా అయితే 10 అడుగుల దాకా పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త: మట్ట మొదట్లో ఆకు ముక్కలన్నీ ముళ్ళుగా మారి ఉంటాయి, సూదుల్లా దిగుతాయి. 6 అడుగుల జాగాలో నడక దారికి ఆనుకుని పెట్టారంటే మీ మోచేతులకు అది రోజూ గుర్తుచేస్తుంది. మూలకు జరపండి.

అరెకాల విషయంలో మిమ్మల్ని నిలువునా మోసం చేశారు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ పామ్ కుండీలో ఉన్నంతకాలం బుద్ధిమంతుడు. నేలలో పెడితే 20 అడుగులు దాటుతుంది, పక్కలకూ బాగా పరుచుకుంటుంది. నడుము ఎత్తు అన్న మాట వట్టిది. పెద్ద కుండీల్లోనే ఉంచండి. అన్నట్టు పేరు చూసి ఇది వక్క చెట్టని అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇది వక్క కాదు. పూర్వం దీన్ని అరెకా అనే ప్రజాతిలో చేర్చి, తర్వాత వేరు చేశారు. శాస్త్రజ్ఞులు మార్చినా వాడుకలో ఆ పేరే నిలిచిపోయింది.

ఎండలో ఇంకొకటి కావాలంటే బాటిల్ పామ్. మారిషస్ పక్కనున్న రౌండ్ ఐలాండ్ దాని పుట్టిల్లు. ఒక దశలో అక్కడ అడవిలో పెద్ద చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి, ప్రపంచమంతటా తోటల్లో మాత్రం లక్షణంగా ఉంది. ఉబ్బిన సీసాలాంటి మొదలు, నెత్తిన నాలుగైదు మట్టలు, అంతే. మట్టలు తక్కువ ఉన్నాయని బెంగపడి ఎరువు వేయకండి, దాని వాటా అంతే.

చెరువుగట్టు | జూన్ 13, రాత్రి 8:20

ఫాక్స్‌టెయిల్ అమ్మజూపుతారు, జాగ్రత్త. కుండీలో నక్క తోకలా ముద్దుగా ఉంటుంది, నేలలో 30 అడుగులకు లేస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక మూల రాళ్ళ గుట్టల మధ్య పెరిగే ఆ చెట్టుకు 1983లో గానీ శాస్త్రీయ నామం రాలేదు. ఇప్పుడు ప్రతి గేటు పక్కనా అదే.

అరెకా కొసల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీరు పోసేది బోరు నీరేనా? లవణాలు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు పోస్తే అవి ఆకు కొసలకు చేరి పోగుపడతాయి. నీరు ఆవిరై వెళ్ళిపోతుంది, అవి మిగిలిపోతాయి. చామడోరియాలూ ఇలాగే కొసలు మాడ్చుకుంటాయి. వాన నీళ్ళు పట్టి వాడండి. లేదంటే నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్ళు పోసి ఉప్పును కడిగేయండి. కుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీరు వెంటనే పారబోయాలి, లేకపోతే కడిగిన ఉప్పునే మొక్క మళ్ళీ పీల్చుకుంటుంది. మాడిన కొస పచ్చబడదు, కొత్త ఆకు ఎలా వస్తుందో చూడండి.

టామీ_వాళ్ళిల్లు | జూన్ 14, ఉదయం 7:05

ఒక్క మాట చెప్పి వెళ్తాను. సాగో పామ్ పేరుతో అమ్మే సైకాస్ పామ్ కాదు, దాని వంశమే వేరు. ఆకు నుంచి గింజ దాకా కుక్కలకు విషం, కాలేయం దెబ్బతింటుంది. గింజలు మరీ ప్రమాదం. మా కుక్క టామీ ఒక్క గింజ కొరికాడు, పదకొండు రోజులు ఆస్పత్రి చుట్టూ తిరిగాం. బతికాడు. పెంపుడు జంతువులున్నవాళ్ళు దాని జోలికి పోకండి. అరెకా, పార్లర్ పామ్, రాపిస్‌లతో ఆ భయం లేదు.

చిగురాకు | జూన్ 14, ఉదయం 10:30

గింజల నుంచి పెంచడం ఎవరైనా ప్రయత్నించారా? నేను మొదలుపెట్టి అవమానం పాలయ్యాను. చేపతోక పామ్, అదే కారియోటా మైటిస్, కాయలు దొరికితే చేతులతోనే పిసికి గుజ్జు తీశాను. అర నిమిషంలో వేళ్ళ మధ్య వేల సూదులు గుచ్చినట్టు మంట, దురద. తెలియక అదే చేత్తో మెడ గోక్కున్నాను. సాయంత్రం దాకా మెడ మీద ఎర్రటి పట్టీ, ఇంట్లో అందరూ నవ్వడమే.

వృక్షశాస్త్రం_మాస్టారు | జూన్ 14, ఉదయం 11:15

అది కాల్షియం ఆక్సలేట్, చిగురాకు. గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. చామడోరియాల పండ్లలోనూ ఉంటాయి. రబ్బరు చేతి తొడుగులు వేసుకుని, నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, గుజ్జు మెత్తబడ్డాక జల్లెడ మీద రుద్దాలి.

గింజ ఎంత తాజాదైతే అంత మంచిది, ఎండబెట్టి దాచుకునే సరుకు కాదు. పండిన అరెకా గింజలు వెచ్చదనం బాగుంటే నెల, నెలన్నరలో మొలుస్తాయి. పార్లర్ పామ్ మాత్రం నెలల తరబడి కూర్చోబెడుతుంది. దానికి ఆడ, మగ మొక్కలు వేరు కాబట్టి ఒంటరి మొక్క పూసినంత మాత్రాన గింజ రాదు. గింజను లోతుగా పాతకండి, వీపు కనిపించేలా సగం పైకి ఉంచితే చాలు. ఇక మీ చేపతోక పామ్ పూత పై నుంచి కిందికి దిగుతూ వస్తుంది. అడుగు గెల కాయడం పూర్తయ్యాక ఆ కాండం చస్తుంది. జబ్బు చేసిందని కంగారుపడొద్దు, పిలకలు అందుకుంటాయి.

నీడతీగ | జూన్ 15, సాయంత్రం 5:00

నాటడం గురించి నా తప్పు కూడా రాస్తాను, మీకు పనికొస్తుంది. గాలికి ఊగుతోందని ఒక లికువాలాను నాలుగు అంగుళాలు లోతుగా పాతి, చుట్టూ మట్టి తొక్కి గట్టిచేశాను. మొదటి ఆరు నెలలు ఏమీ కాలేదు. ఏడో నెలలో కొత్త ఆకులు పాలిపోయి రావడం మొదలైంది. ఇనుము పిచికారీ చేశాను, పచ్చబడలేదు. చివరకు మొదలు తవ్వి చూస్తే పాత వేర్లన్నీ మురిగి నల్లబడి ఉన్నాయి, నేల పైపొరలో నాలుగు కొత్త వేర్లు మాత్రం తెల్లగా పాకులాడుతున్నాయి. పామ్‌కు కొత్త వేర్లు పుట్టే చోటు కాండం మొదట్లోనే ఉంటుంది. దాన్ని పూడ్చేస్తే ఊపిరాడదు. కుండీలో మట్టి ఏ మట్టంలో ఉందో నేలలోనూ అదే మట్టం, ఒక్క వేలు కూడా దిగకూడదు. ఊగితే కర్రలు పాతి కట్టండి. కర్రకు కట్టడమంటే కాండానికి మేకు కొట్టడం కాదు, మాస్టారు చెప్పారుగా.

ఇంకొకటి. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో దించకండి. ఎండకు పుట్టిన రకమైనా సరే, ఆకు నీడలో తయారైంది. వారానికి గంట చొప్పున ఎండ పెంచుకుంటూ పోవాలి.

చెరువుగట్టు | జూన్ 15, రాత్రి 9:00

పురుగుల మీద నా రెండు ముక్కలు. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు, వేలిముద్రల్లా వలయాలు కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ. కింది ఆకుల మీద జిగట పడి, దాని మీద మసి పడుతుంది. మందు డబ్బా వెతకకండి. పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి, తప్పదనుకుంటే సాయంత్రం చల్లబడ్డాక వేప నూనె. దాని పిల్ల పురుగుల మీద చిన్న గుండ్రటి చిల్లులు కనిపిస్తే ఎన్‌కార్సియా అనే కందిరీగలాంటి బుల్లి మిత్రుడు పని మొదలుపెట్టాడని అర్థం. రసాయనాలు కొడితే మొదట చచ్చేది అదే. మట్టల సందుల్లో దూదిలా ఉంటే పిండినల్లి, గుడ్డతో తుడవండి. గాలి ఆడని పొడి మూలలో పార్లర్ పామ్ ఆకు దుమ్ము పట్టినట్టు వెలిసిపోతే ఎర్రనల్లి, ఆకు అడుగున నీళ్ళు కొట్టడమే దాని మందు.

వానాకాలంలో మొవ్వు ఈటెను మెల్లగా లాగి చూడండి. చేతికి ఊడి వచ్చి, అడుగున కుళ్ళు వాసన వస్తే అది మొవ్వు కుళ్ళు. అంతవరకూ వచ్చిన ఒంటి కాండం పామ్ తేరుకోవడం అరుదు. రాగి మందు పోసి వేచి చూడటం తప్ప చేయగలిగింది తక్కువ.

గోడపక్కతోట | అక్టోబరు 27, ఉదయం 8:50

నాలుగున్నర నెలలైంది. కబురు చెప్పకుండా మాయమయ్యానని అనుకోకండి, చెప్పేంత పెరగలేదని ఆగాను.

చామడోరియాలు పదహారింటిని ఐదు గుంపులు చేశాను. రెండు చచ్చాయి, పద్నాలుగు నిలిచాయి. విడదీసినప్పుడు రెండు నెలలు కదలకుండా మొండికేశాయి, ఇప్పుడు ఒక్కొక్క గుంపులో కనీసం రెండింటికి కొత్త ఆకు ఉంది. నీళ్ళు వారానికి రెండుసార్లే. అరెకాలకు వాన నీళ్ళు పట్టి పోశాను. పాత ఆకుల కొసలు అలాగే ఉన్నాయి, తర్వాత వచ్చిన మూడు ఆకులు కొస దాకా శుభ్రంగా ఉన్నాయి. నీడ చివర రాపిస్ ఒకటి చేరింది, మూడు కాండాలు. తెచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నీడతీగ గారు హెచ్చరించారు కాబట్టి బాధపడటం లేదు.

పిగ్మీ డేట్‌ను ఎండ మూలకు జరిపి, మట్టి మట్టం చూసి నాటాను. పాత మట్టలు ఇప్పటికీ నారింజ రంగులోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళందరూ వాటిని తీసేయమంటున్నారు, కత్తెర దాచేశాను. మాస్టారు చెప్పినట్టు గీత గీసి, రెండు వారాలకోసారి చూశాను. మొదటిసారి చూసినప్పుడు రెండూ ఒకే వరసలో ఉన్నాయి, గుండె జారింది. రాయడానికి భయపడి ఇంకో వారం ఆగాను. నాలుగో వారానికి ఈటె మీది గీత రెండు వేళ్ళ మందం పైకి జరిగింది. ఇప్పుడు ఆ ఆకు పూర్తిగా విచ్చుకుంది, గీత ఇంకా దాని కాడ మీద సిరా మచ్చలా ఉంది. దాని వెనక ఇంకో ఈటె లేచింది, దానికీ గీశాను.

వృక్షశాస్త్రం_మాస్టారు | అక్టోబరు 27, ఉదయం 10:00

భేష్. పాత మట్టలు పచ్చబడవు, కొత్తవి వచ్చి వాటి స్థానం తీసుకోవాలి. ఏడాది, రెండేళ్ళు పట్టవచ్చు. కత్తెర అప్పటిదాకా అక్కడే ఉండనివ్వండి.

గునపం | అక్టోబరు 27, రాత్రి 9:40

మాస్టారూ, మా ఆరింటిలో మూడింటికి కింది మట్టలు రంగు తిరిగాయి. ఎప్సం సాల్ట్ రెట్టింపు చేసి చూశాను, ఇంకా పైకి ఎక్కింది. అడగడానికి మొహమాటంగా ఉంది, ఐనా అడుగుతున్నాను.

పాతకుండీ | అక్టోబరు 27, రాత్రి 9:55

మొహమాటం ఎందుకండీ. ఉప్పు ఈ రాత్రి నుంచే ఆపేయండి. రేపు వెలుతురు వచ్చాక ముసలి మట్టను దగ్గరగా చూసి చెప్పండి: రంగు ఆకుపచ్చలోకి మెల్లగా కలుస్తోందా, స్కేలు పెట్టి గీసినట్టు ఆగిందా?